ముందుది అమ్మది, వెనుకది బాపుది

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చీర మార్చుకోకముందే మా మనవరాలు కెజియా వాకిట్లో జీపు ఆపింది. ఆపింది అనడం కంటే జీపే అలిసిపోయి ఆగింది అనడం న్యాయం. నా కూతురి కూతురు కెజియా పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తుంది. ఆ సంపాదనతో నగలు కొనుక్కోవే అంటే జీపు కొనుక్కున్నది. ఆదివారం మధ్యాహ్నాలు తనలాంటి పిచ్చివాళ్ళను కొందరిని పోగేసుకుని హసన్‌పర్తి దాటి, ఎక్కడ బురద ఉందో అడిగి తెలుసుకుని మరీ పోయి, అందులో బండ్లు దించి, మళ్ళీ ఎక్కించి, తల నుంచి కాలిదాకా మట్టితో నవ్వుకుంటూ ఇళ్ళకు వస్తారు. దానికో ఇంగ్లీషు పేరు కూడా ఉంది, ఆఫ్ రోడింగ్ అంటారట. మా చిన్నతనంలో బురద కోసం ఎవరూ వెతకలేదు, అదే మా గడప దాకా వచ్చేది.

ఆ రోజు పిల్ల మొహం మాత్రం వాడిపోయి ఉంది. జీపు చూస్తే నా నడుము దాకా వచ్చే కొత్త టైర్లతో గంభీరంగా ఉంది.

“ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?” అన్నాను.

“పెద్ద టైర్లు ఏపిచ్చిన గద అమ్మమ్మా. సూడనీకి మస్తున్నది గని బండి గుంజుతలేదు. జర ఎత్తు రాంగనే గేరు దించుడు, మళ్ళ దించుడు. మీటర్ల అరవై సూపిస్తది, పక్క బండోడేమో ఇంకా ఎక్కువ పోతాన్నవ్ అంటడు.”

నేను చెప్పులు విప్పుకుంటూ, “క్రౌన్ పినియన్ మార్చినవా మరి? టైర్లే మార్చి ఊకున్నవా?” అన్నాను.

కెజియా నన్ను చూసిన చూపు నాకు చాలా రోజులు గుర్తుంటుంది. బతుకంతా ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి, సంధులూ సమాసాలూ తప్ప నాకు మరో లోకం లేదని వీళ్ళ నమ్మకం. కాసేపటికి తేరుకుని ఫోన్ తీసి చూపించింది. క్రౌన్ పినియన్‌కు ఒకడు ఒక లెక్క వేయించుకోమన్నాడట, అది రోడ్డుకు మంచిది. ఇంకొకడు ఇంకో లెక్క చెప్పాడట, అది బురదకు మంచిది. “ఎటూ తేలుతలేదు. నడుమల ఏదన్న దొరికితే సగం సగం సరిపోతదేమో,” అన్నది.

“ఇది కోడిగుడ్డా, జీపా?” అన్నాను నేను. ఆ మాట నా నోట వచ్చి ఎన్ని ఏళ్ళయిందో. కెజియాకు అర్థం కాలేదు. మా ఇంట్లో ఆ మాట అర్థమయ్యేవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలానని అప్పుడు తెలిసింది. అన్నం పెట్టి, కథ మొత్తం చెప్పాను. చెప్పాక రాయాలనిపించింది.

బండ్ల సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట. ఇంజను తిప్పే తిప్పుడు ఒక పొడవాటి రాడ్డు మీదుగా ఇరుసు దాకా వస్తుంది. అక్కడ పినియన్ అనే చిన్న పళ్ళచక్రం, క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్‌కు పళ్ళు ఎక్కువుంటే రాడ్డు ఎక్కువ చుట్లు తిరిగితే గాని బండి చక్రం ఒక చుట్టు తిరగదు. వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. పళ్ళు తక్కువైతే వేగం పెరిగి బలం తగ్గుతుంది. టైరు పెద్దది చేస్తే బండి వేసే అంగ పెద్దదవుతుంది, దాంతో ఇంజనుకు ఆయాసం. ఆ ఆయాసం తీరాలంటే క్రౌన్ పళ్ళు పెంచాలి. వేగమూ బలమూ రెండూ కావాలంటే కుదరదు. ఇంత చిన్న సంగతి తెలియడానికి మా ఇంటికి ఒక వానాకాలం పట్టింది.

అప్పుడు మేం హనుమకొండలో, హసన్‌పర్తికి పోయే తోవ పక్కన ఉండేవాళ్ళం. పెంకుటిల్లు, ముందు వేపచెట్టు, చెట్టు కింద జీపు. మా బాపు జకరయ్య ఆ జీపును ఖమ్మం రోడ్డు మీద వర్ధన్నపేట మీదుగా మరిపెడ దాకా తిప్పేవాడు. లోపల కూర్చున్నవాళ్ళు, వెనుక వేలాడేవాళ్ళు, పైన కోళ్ళ గంపలు, మూటలు. మా ఇంట్లో ప్రతి వస్తువుకూ డీజిల్ వాసన ఉండేది. బాపు చేతులు కిరసనాయిలుతో కడుక్కుని, ఆపైన కట్టెపొట్టుతో రుద్దుకుని, ఆపైన సబ్బు పెట్టుకునేవాడు. అయినా చర్చిలో ఆయన పాటల పుస్తకం తెరిస్తే పక్క వరుస దాకా జీపు వాసనే. దానికి తోడు అమ్మ సంచిలోంచి వచ్చే స్పిరిట్ వాసన. అమ్మ మార్తమ్మ మిషన్ దవాఖానలో నర్సు. పొద్దున్నే పొయ్యి మీద ఒకవైపు అన్నం, ఇంకోవైపు సూదులు ఉడికేవి. ఏ గిన్నె మూత తీస్తే ఏముంటుందో చూసుకుని తీయాలని మాకు పసితనం నుంచే భయం నేర్పారు.

అమ్మకు తొందర. ‘జర జల్ది’ అన్నది ఆమె ఊతపదం. జడ వేస్తూ జల్ది అనేది, వేసేది తానే. రొట్టె కాలకముందే జల్ది. పొద్దుటి ప్రార్థనలో బాపు కాస్త సాగదీస్తే ఆయన కంటే ముందే ఆమేన్ చెప్పి లేచిపోయేది. బాపు దీనికి పూర్తిగా విరుద్ధం. అన్నం ముద్దను కూడా ఆలోచించి కలిపే మనిషి. మాట్లాడితే రెండు మాటలు. అయితే స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం మనిషి మారిపోయేవాడు. ఎదుట ఎవడైనా ముందు పోతుంటే ఆయన కాలు ఊరుకునేది కాదు.

ఇక నాయనమ్మ. ఇంటి పంచాయితీలన్నీ ఆమెవే. ఆమె దగ్గర ఉన్నది ఒకటే తీర్పు, సగం సగం. ఉడికిన కోడిగుడ్డును కత్తితో కోస్తే ఒకవైపు పెద్దదవుతుందని, కుట్టుదారం రెండు కొసలూ పట్టుకుని సరిగ్గా నడుమకు కోసేది. మా తమ్ముడికీ నాకూ రేడియో దగ్గర తగువైతే పాట సగంలో స్టేషన్ మార్పించేది. ఆదివారం ఆరాధన తొమ్మిదికా, పదికా అని సంఘంలో పెద్ద రగడ అయితే ఈమె లేచి తొమ్మిదిన్నర అన్నది, ఇప్పటికీ తొమ్మిదిన్నరే. ఆమె తీర్పు చెప్పాక మళ్ళీ మాట్లాడినవాళ్ళను నేను చూడలేదు.

అసలు కథ టైర్లతో మొదలైంది. వారంలో గురువారం ఒక్కటి జీపు అమ్మది. ఆ రోజు ఆమె మరిపెడ తోవలో రోడ్డు దిగి, నల్లరేగడిలో లోపలికి ఉన్న పల్లెలకు పోయి గర్భిణులను చూసేది, పసిపిల్లలకు సూదులు వేసేది. ఎండాకాలం బాగానే ఉండేది. వానలు పడ్డాయంటే ఆ రేగడి చక్రాలకు పట్టుకుని, జీపు కడుపు బురదకు ఆనుకుని, ముందుకూ పోదు, వెనక్కూ రాదు. వరుసగా రెండు వానాకాలాలు ఆ పల్లెలు తప్పిపోయాయి. దవాఖానలో పెద్ద నర్సమ్మ అమ్మను పిలిచి, ఈ వానాకాలం కూడా తప్పితే ఆ పల్లెల పని ఎత్తేస్తామనీ, నిన్ను ఇక్కడే చీటీలు రాసేచోట కూర్చోబెడతామనీ చెప్పింది. ఆ మాట చెప్పింది మంచిగానే. కాని ఆ రోజు అమ్మ ఇంటికొచ్చి ఎవరినీ జల్ది అనకుండా కూర్చుంది. అది చూసి మాకు భయమేసింది.

నాలుగు రోజుల తర్వాత బాపు మిలిటరీ వేలంలో కొన్న పెద్ద టైర్లతో ఇంటికి వచ్చాడు. జీపు జానెడు ఎత్తు లేచింది. నాయనమ్మ ఎక్కడానికి కింద పీట వేయాల్సి వచ్చింది. అమ్మ ఆ టైర్లను చేత్తో నిమిరి, “గిప్పుడు సూస్త ఆ రేగడి సంగతి,” అన్నది. ఆమె కోసం తెచ్చిన టైర్లే ఆమెకు సవతి అవుతాయని అప్పుడు ఎవరికి తెలుసు.

ఎందుకంటే ఆ టైర్లతో ఖాళీ రోడ్డు మీద జీపు ఎగిరింది. అంగ పెద్దదైంది కదా, ఇంజను అరవకుండానే బండి సాగిపోయేది. అదే రోడ్డు మీద జనాన్ని తిప్పుతూ, అన్నాళ్ళూ తనను దాటిపోయిన మల్లేశు జీపును బాపు వర్ధన్నపేట దగ్గర దాటాడు. ఆ రోజు అన్నం తింటూ ఆ సంగతి తనంతట తనే చెప్పాడు. బాపు అన్నం దగ్గర తనంతట తను మాట్లాడడం నాకు తెలిసి అదే మొదలు. మర్నాడు మళ్ళీ దాటాడు, మళ్ళీ చెప్పాడు. కాని జనం నిండితే, జర ఎత్తు వస్తే జీపు ఏడ్చేది. సగంమంది దిగి నడవాల్సి వచ్చేది. ఇక బురదలో దించితే టైర్లు ఎత్తుగా ఉన్నాయి గాని తిప్పే బలం లేక ఇంజను ఆగిపోయేది. బలం పెంచే లో గేరు లివర్ ఒకటి ఉండేదిగాని, దాని పళ్ళు అరిగి ఏనాడో మూలపడ్డది.

జీపుకు వైద్యుడు మా మేనమామ దానేలు, అమ్మకు తమ్ముడు. రోడ్డు మీదే రేకుల షెడ్డు ఆయనది. నోటి నిండా వక్కపొడి, నోటి నిండా మాటలు. అక్క అన్నా, బావ అన్నా, అన్నింటికంటే మా నాయనమ్మ అన్నా ఆయనకు భయం. జీపు చూసి, “ఇప్పుడున్నది ముప్పై తొమ్మిది పళ్ళ క్రౌన్. నలభై మూడు పళ్ళది ఎయ్యాలె. గప్పుడు బురదల దున్నపోతు లెక్క పోతది. కని బావా, రోడ్డు మీద మళ్ళ పాత నడకనే,” అన్నాడు.

పాత నడక అన్న మాట బాపుకు నచ్చలేదు. ఇక ఇంట్లో మొదలైంది. ఇద్దరూ అరుచుకునే రకం కాదు. అమ్మ గిన్నెలు చప్పుడు చేసేది, బాపు జీపు కడిగిందే కడిగేవాడు. విచిత్రం ఏమిటంటే, లోకంలో అందరినీ తొందరపెట్టే అమ్మ మెల్లగా పోయే పళ్ళు కావాలంటుంది, పీట మీంచి లేవడానికి కూడా ఆలోచించే బాపు ఉరికే పళ్ళు కావాలంటాడు. మూడో రోజుకు నాయనమ్మకు విసుగొచ్చింది. దానేలు మామను పిలిపించి వాకిట్లో నిలబెట్టింది.

“పిలగా, రోడ్డు మీద బండిని ఏ చక్రాలు గుంజుతయి?”

“ఎనుకయి అత్తమ్మా.”

“మరి బురదల?”

“బురదల ఇంకో లివర్ గుంజితే ముందుయి గూడ కలుస్తయి. నాలుగు గుంజుతయి.”

“మరి ఇంకేంది కొట్లాట? ఎనుకది నా కొడుకుది, గది ముట్టకు. రోడ్డు మీద వాడు ఉరుకనియ్. ముందుది కోడలుది, దాంట్ల నీ నలభై మూడు పళ్ళది ఎయ్యి. బురదల అదే గుంజుకపోతది. సగం సగం. పోన్రి, ఎవల పని వాళ్ళు సూసుకోన్రి.”

మామ నోరు తెరిచాడు. నాయనమ్మ ఆయన వైపు చూసింది. మామ నోరు మూసుకున్నాడు. తీర్పు మాత్రం మా అందరికీ బంగారంలా కనిపించింది. బాపు తృప్తిగా తలూపాడు, అమ్మ ఆ పూట గిన్నెలు చప్పుడు కాకుండా కడిగింది. ఇంత చక్కటి ఉపాయం ఇంతకాలం ఎవరికీ ఎందుకు తట్టలేదా అని నేను నిజంగానే ఆశ్చర్యపోయాను. దారంతో కోడిగుడ్డు కోసినట్టు జీపును కోసింది మా నాయనమ్మ.

వారం రోజులు వాన పడి వెలిసిన గురువారం బయలుదేరాం. బాపు, పక్కన అమ్మ, వెనుక నేనూ మామా. కాలేజీకి సెలవులు, నేనూ వస్తానంటే అమ్మ మందుల పెట్టె నా ఒళ్ళో పెట్టింది. మామను ఎవరూ రమ్మనలేదు, ఆయనే ఎక్కాడు. తోవంతా ఆయన ఒక్క మాట మాట్లాడకపోవడం నాకు వింతగానే తోచింది. వర్ధన్నపేట దాటేదాకా బాపు ఉరికించాడు. మల్లేశును దాటాడు కూడా. రోడ్డు దిగి రేగడిలోకి వచ్చాక లివర్ గుంజాడు. జీపు ఒకసారి గుంజుకుని, ముందు చక్రాలు ఒక లెక్కన, వెనుక చక్రాలు ఇంకో లెక్కన జారుతూ, అటూ ఇటూ ఊగుతూ, కుంటుకుంటూ కదిలింది. అయినా కదిలింది. అమ్మ డాష్‌బోర్డు మీద చేత్తో కొడుతూ, “పో బిడ్డా, జర జల్ది పో,” అంటూనే ఉంది. బురద ఓర్పు గలది. ముందువీ వెనుకవీ రెండు తీర్ల తిరుగుతుంటే జారనిచ్చి సర్దుకుంది.

పల్లెలో జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చి చూశారు. వానాకాలంలో నర్సమ్మ రావడం వాళ్ళు రెండేళ్ళుగా ఎరగరు. ఒకామె పొంగిన కాళ్ళతో అరుగు మీద కూర్చుని, “నువ్ రావనుకున్ననమ్మా, ఊకెనే తోవ దిక్కు సూస్తాన్న,” అన్నది. అమ్మ ఆమె చేయి పట్టుకుని నాడి చూస్తూ చాలాసేపు వదల్లేదు. పిల్లలకు సూదులు వేసింది. ఏడ్చిన పిల్లలకు మామ జీపు హారన్ నొక్కించాడు, దాంతో ఏడవని పిల్లలు కూడా ఏడవడం మొదలుపెట్టారు. వాళ్ళు కాల్చి ఇచ్చిన మక్కకంకులు తింటూ తిరుగు ప్రయాణమయ్యాం. అమ్మ మొహం వెలిగిపోతోంది. పెద్ద నర్సమ్మకు ఏం చెప్పాలో, ఏ మాట ముందు, ఏ మాట వెనుక, అన్నీ తోవలోనే పేర్చుకుంటోంది.

తారురోడ్డు ఎక్కాం. బాపు లివర్ వెనక్కి నెట్టాడు, రాలేదు. రెండు చేతులతో నెట్టినా రాలేదు. జీపు ఎవరో వెనక నుంచి పట్టి గుంజుతున్నట్టు మూలుగుతోంది.

“జర ఎనుకకు పోనియ్ బావా, ఇడుస్తదేమో,” అన్నాడు మామ, తోవలో మొదటిసారి నోరు విప్పి.

“ఎనుకకెందుకు? వాన అచ్చేటట్టున్నది, జల్ది పోనియ్,” అన్నది అమ్మ.

బాపు పోనిచ్చాడు. టైర్లు తారు మీద కీచుమన్నాయి. జీపు కప్పలా ఒకటి రెండు గంతులు వేసింది. కింద ఎక్కడో కటుక్కుమన్నది. అప్పుడు మాత్రం లివర్ వెన్నలోంచి వేలు తీసినట్టు వచ్చేసింది.

మామ కిందికి దూరి, మట్టి మొహంతో పైకి లేచాడు. “ముందు ఇరుసుల షాఫ్టు ఇరిగింది,” అన్నాడు. తుమ్మచెట్టు కింద నిలబడి సంగతి చెప్పాడు. బురదలో జారడానికి జాగా ఉంది కాబట్టి సర్దుకున్నాయి. గట్టి రోడ్డు మీద జారే జాగా లేదు. “ఎనుకయి ఉరుకుదాం అంటాన్నయి, ముందుయి ఆగుదాం అంటాన్నయి. నడుమల ఇనుము ఏం జేస్తదక్కా?”

“అంటే నీకు ముందే ఎరుకనా?”

“ఎరుకనే.”

“ఎరుకుంటే సెప్పకపోతివి.”

“అత్తమ్మకు ఎవలు సెప్తరు? నువ్ సెప్తవా?”

అమ్మ కాసేపు నిజంగానే ఆలోచించింది. ఆలోచించి నవ్వడం మొదలుపెట్టింది. ఆమెను చూసి బాపు, బాపును చూసి మామ. వాన మొదలైనా మేం చెట్టు కింద నవ్వుతూనే ఉన్నాం. అయితే జీపు ఎక్కాక ఆ నవ్వు నిలవలేదు. వెనుక చక్రాలు బాగానే ఉన్నాయి, రోడ్డు మీద జీపు ఎప్పటిలాగే ఉరికింది. ముందు చక్రాలు ఉత్తగా దొర్లుతూ వచ్చాయి. బాపుది బాగానే ఉంది, విరిగింది అమ్మది. ఆ సంగతి జీపులో అందరికీ తెలుసు. ఇల్లు దగ్గర పడుతుండగా అమ్మే అన్నది, “ఇగ చీటీలు రాసుకుంట కూసుంట తియ్. అది గూడ పనే గద.”

మర్నాడు బాపు ట్రిప్పుకు పోలేదు. జీపును మామ షెడ్డులో పెట్టాడు. మధ్యాహ్నం నేను అన్నం గిన్నె తీసుకుపోయేసరికి, గోనెసంచి మీద రెండు క్రౌన్ చక్రాలు, కిరసనాయిలుతో కడిగి, పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒకటి ముప్పై తొమ్మిది పళ్ళది, ఒకటి నలభై మూడుది. చూడడానికి కవలల్లా ఉన్నాయి. ఆ నాలుగు పళ్ళ తేడాకే మా ఇంట్లో ఇంత జరిగింది.

“ముందు షాఫ్టు కొత్తది ఏస్త బావా,” అంటున్నాడు మామ. “కని ముందు ఎనుక ఒక్కతీర్గనే ఉండాలె. రెండు నీ తీరే చెయ్యాల్నా, రెండు అక్క తీరే చెయ్యాల్నా, నువ్వే సెప్పు.”

బాపు చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులనే మళ్ళీ తుడుచుకున్నాడు. రోడ్డు మీద ఏదో జీపు పోతున్న చప్పుడైతే తలెత్తి, అది కనుమరుగయ్యేదాకా చూశాడు. ఆయనకు ఆ వేగం ఎంత ఇష్టమో నాకు తెలుసు. జీవితంలో ఆయన తన కోసమని ఇష్టపడింది అదొక్కటే కావచ్చు. నేను గిన్నె మూత తీయాలో వద్దో తెలియక నిలబడ్డాను.

“ముందుదాన్ని ముట్టకు,” అన్నాడు బాపు. “ఎనుకది మార్చు.”

అంతే. కూర్చుని అన్నం కలుపుకున్నాడు. నేను వెళ్ళేటప్పుడు మాత్రం, “ఇంట్ల ఏం సెప్పకు,” అన్నాడు.

నేను చెప్పలేదు. మళ్ళీ గురువారం వచ్చింది. వర్ధన్నపేట దాకా పోకముందే మల్లేశు జీపు మమ్మల్ని దాటింది. పోతూ పోతూ వేగం తగ్గించి, తల బయటపెట్టి, “ఏం జకరన్నా, బండికి జరమచ్చిందా?” అన్నాడు. వారం కిందటి బాపు అయితే ఏమయ్యేదో గాని, ఈ బాపు చేయి ఊపి, “నువ్ పో తమ్మీ,” అన్నాడు. ఇంజను అరుస్తోంది, జీపు నింపాదిగా పోతోంది. అమ్మ చెవి ఆ అరుపు మీద పడింది. ఏళ్ళ తరబడి పక్క సీట్లో కూర్చున్న మనిషికి బండి చప్పుడు తెలియదా? ‘జర’ అన్నది. ఆ తర్వాతి మాట అనబోయి బాపు వైపు చూసింది. ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు. అమ్మ పెదవులు మూసుకుని, కొంగు సర్దుకుని తనూ రోడ్డు వైపు చూసింది. ఆ మధ్యాహ్నం రేగడిలో నాలుగు చక్రాలూ ఒక్కటిగా తిరుగుతుంటే జీపు చెరువులోకి దిగిన బర్రెలా హాయిగా పోయింది. తారురోడ్డు ఎక్కాక లివర్ ఒక్క వేలితో వెనక్కి వచ్చింది. ఆ వానాకాలం పల్లెలు తప్పలేదు. చీటీలు రాసే కుర్చీలో వేరే ఎవరో కూర్చున్నారు.

నాయనమ్మకు సంగతి తెలిసి, “గుడ్డును కోస్తే రెండు దిక్కుల తింటరు గని, బండిని కోస్తే గిట్లయితదని నాకేం ఎరుక,” అన్నది. తీర్పులు మానలేదు. కాని ఆ తర్వాత ఏ తగువు ఆమె ముందుకు వచ్చినా, ముందుగా, “ఇది కోడిగుడ్డా, జీపా?” అని అడిగేది. కోడిగుడ్డయితే దారం తీసేది. జీపయితే, “మీరే తేల్చుకోన్రి, నాకు షాతకాదు,” అని లేచిపోయేది. మా తమ్ముడి చదువు, నా పెళ్ళి, మా ఇల్లు అమ్మకం, అన్నీ ఆ ప్రశ్న దాటే వచ్చాయి. నాకు తెలిసిన వేదాంతం ఇంతకంటే పెద్దది లేదు.

ఇప్పుడు ఆ పల్లెకు సిమెంటు రోడ్డు ఉంది. ఫోన్ చేస్తే దవాఖాన బండి ఇంటి ముందుకే వస్తుంది. బురద పోయిందని నేను బాధపడను. అరుగు మీద కాళ్ళు పొంగి తోవ చూసిన ఆ మనిషిని కళ్ళారా చూసినదాన్ని, బురద మీద నాకేం ప్రేమ? కాకపోతే ఒకనాడు దాటలేక ఏడ్చిన దాన్నే ఇప్పుడు పిల్లలు సెలవు పూట వెతుక్కుంటూ పోతున్నారంటే నవ్వొస్తుంది. అప్పటి బాధ ఇప్పటివాళ్ళకు ఆట కావడం ఒక రకంగా మంచిదే. అన్నీ అట్లాగే కావాలి.

కెజియా కథంతా విని ఫోన్ పక్కన పెట్టేసింది. తర్వాతి వారం బురద లెక్కే వేయించుకుంది, ముందుకూ వెనుకకూ ఒకటే. వేయించుకుని నన్ను ఎక్కించుకుని ఖమ్మం రోడ్డు మీదికి తీసుకుపోయింది. నాకు ఎక్కడానికి పీట కావలసి వచ్చింది. కార్లన్నీ మమ్మల్ని దాటుకుంటూ పోతుంటే, పిల్ల ఇంజను మీంచి గొంతు పెంచి, “మరి మీ అమ్మ మీ బాపుకు థాంక్స్ అన్న సెప్పిందా అమ్మమ్మా?” అని అడిగింది.

చెప్పలేదు. మా ఇంట్లో ఆ మాట ఎవరికీ రాదు. కాని బస్సులో డ్రైవర్‌ను, పెళ్ళిలో పాస్టరును, ఆఖరికి దవాఖాన మంచం మీద చుక్క చుక్కగా దిగే సెలైన్‌ను కూడా ‘జర జల్ది’ అని తొందరపెట్టిన మా అమ్మ, బాపు ఆ జీపును అమ్మేదాకా ఆయన పక్క సీట్లో కూర్చుని మళ్ళీ ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.